మూడో గేరు పట్టుకున్న చెయ్యి

నరసింహ ఝరణి గుహగుడిలో, దేవుడి ముందు రొమ్ములోతు నీళ్లలో నిలబడి, నెత్తిమీద గబ్బిలాలు తిరుగుతుండగా చెబుతున్నాననుకోండి: ఇందులో ప్రతి మాటా నిజం. నేను చెప్పినదాంట్లో ముప్పాతిక తీసేసి వినాలని బీదర్‌లో నన్నెరిగిన వాళ్లంటారు. ఈసారి తరుగు తీయకండి. కోపంలో ఉన్నవాడికి కథలల్లే తీరిక ఉండదు. నా కోపం ఇంకా తగ్గలేదు.

హైదరాబాద్ చుట్టూ గుట్టలకు కూడా ధర పలికిన ఏళ్లవి. మా ఇల్లు బీదర్‌ను ఆనుకున్న నౌబాద్‌లో. నేను ఔరాద్ వైపు పల్లెల్లో రైతులకు మోటారు పంపుల సామాన్లు అమ్మేవాణ్ణి. నా భార్య కుశనూర్ బడిలో టీచరు. పొద్దున ఆమెను బడి దగ్గర దింపి, ఊళ్లు తిరిగి, సాయంత్రం ఎక్కించుకుని వచ్చేవాణ్ణి.

ఆ వానాకాలం మా పాత కారు గేరుబాక్సు మొరాయించింది. మూడో గేరు వేసి చెయ్యి తీస్తే చాలు, రాడ్డు టక్కున ఎగిరి న్యూట్రల్లో పడేది. సైకిల్ ట్యూబుతో సీటుకు కట్టాను, తెంపేసింది. చివరికి పక్క సీట్లోంచి నా భార్య కుడిచేత్తో దాన్ని అదిమిపట్టుకోవడం మొదలుపెట్టింది. ఒళ్లో పిల్లల నోటుబుక్కులు అలాగే ఉండేవి. దిద్దడానికి చెయ్యి ఖాళీ ఉంటేగా. ఆ గేరుబాక్సు ఏడుపు ఎంత దూరం వినిపించేదంటే కుశనూర్‌లో బడిగంట కొట్టడం మానేశారు. మా చప్పుడు వినే పిల్లలు వరస కట్టేవారు.

ఊరి బయట ఫ్యాక్టరీలున్న కొల్హార్‌లో మెకానిక్ కారు కిందికి దూరి, నూనె చేతులతో బయటికొచ్చాడు.

"రెండే తొవ్వలన్నా. బాక్సు ఇప్పి అరిగిన గేర్లు మార్చాలె. లేదంటే హైదరాబాద్ నుంచి ఇంకో బాక్సు తెచ్చి ఎక్కియ్యాలె."

"నువ్వైతే ఏం చేస్తవ్?"

"గేర్లు కూసునే పై డబ్బా కూడ అరిగిందన్నా. దవడ కదిలినంక పండ్లు కట్టించుకుంటరా ఎవలన్న?"

అప్పుడే వినాల్సింది. కానీ వాషర్ పోతే వాషర్ మార్చుకో, పంపును పారెయ్యకు అని ఊరూరా చెప్పి బతికేవాణ్ణి నేను. పైగా ఆ ఆదివారమే మా బామ్మర్ది దిగాడు.

వాడు హైదరాబాద్‌లో ప్లాట్లు అమ్మేవాడు. వాడి నోట రిపేరు అన్న మాట చచ్చిపోయి చాలా కాలమైంది. ఫోన్ పాతబడితే ఫోన్ మార్చాడు, ఇల్లు పాతబడితే ఇల్లు మార్చాడు. దోస్తులను కూడా అలాగే మార్చాడు.

"రిపేర్ గిపేర్ ఏంది బావా, తీసి పారెయ్. మంచి బాక్సు నేను పంపుత."

"నీ బాక్సు నాకొద్దు."

"నీకోసమని ఎవడన్నడు? అక్క చెయ్యి జూసినవా? అరచేతిల బొబ్బలున్నయ్."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చెయ్యి చూడాల్సింది నేను, చూసింది వాడు. ఆ మంట వాడి మీదికే తిప్పాను.

"మీ నాయిన పొలం అమ్మి మీదికొచ్చినోనివి. ఉన్నదాన్ని నిలబెట్టుకునుడు నీకేం తెలుస్తదిరా?"

వాడు చాయ్ సగంలో వదిలి లేచిపోయాడు. ఆ వారంలోనే హైదరాబాద్ బస్సు మీద గేరుబాక్సు వచ్చింది, గోనెసంచిలో. వరండాలో పడేయించి, దాన్ని ముట్టేది లేదన్నాను. అరిగిన గేర్లకు బదులు కొత్తవి తెప్పించమని మెకానిక్‌కు చెప్పాను. ఇయ్యాల వస్తయి, రేపొస్తయి అంటున్నాడే తప్ప అవి రాలేదు. రోజూ గడప దాటగానే ఆ సంచి కనపడేది. లావుగా, బలిసి, అచ్చం బామ్మర్దిలాగే కూర్చుని ఉండేది. దాన్ని తిట్టనిదే నేను కారెక్కలేదు.

ఒక పొద్దున మంజీర వంతెన దాటి ఎత్తు ఎక్కుతున్నాం. వెనక లోడు లారీ. నా భార్య రాడ్డు మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. రాడ్డు ఎగిరింది. ఇంజిన్ ఊరికే గోలపెట్టింది, కారు ఆగిపోయింది.

"పట్టుకో."

"పట్టుకోను."

"బడికి లేటైతది."

"కానియ్. మీ బావాబామ్మర్దుల రోషానికి నా చెయ్యే దొరికిందా?"

"రేపు సామాన్ వస్తది."

"రేపు నేనీ కారెక్క."

నోటుబుక్కులు గుండెకు అదుముకుని దిగింది. వెనకొచ్చిన టెంపోను ఆపి ఎక్కింది, తిరిగి చూడలేదు. లారీవాడు పక్క నుంచి పోతూ తల బయటపెట్టాడు.

"ఏమైందే అన్నా? బండి ఖరాబా, సంసారం ఖరాబా?"

కారు వెనక్కి తిప్పాను. కొల్హార్ దాకా రెండో గేరులోనే. బామ్మర్దిని తిట్టాను, లారీవాణ్ణి తిట్టాను, హైదరాబాద్ గుట్టలను తిట్టాను, మూడో గేరు కనిపెట్టిన మహానుభావుణ్ణి తిట్టాను. మెకానిక్ ముందు దిగి తాళాలు చేతిలో పెట్టి, "మా బామ్మర్ది పంపిన బాక్సే ఎక్కియ్. నా రోషం కంటె ఆమె చెయ్యి ఎక్కువ" అన్నాను.

మర్నాటి నుంచి మూడో గేరు మేకు కొట్టినట్టు నిలబడింది. నా భార్య పక్కన కూర్చుని ఎర్ర పెన్నుతో నోటుబుక్కులు దిద్దుకుంటోంది. నేనేమో ఆ రాడ్డును ఓరకంట చూస్తూ పళ్లు నూరుతున్నాను. ఒక్కసారి ఎగిరినా చాలు, బామ్మర్దికి ఫోన్ చేసి కడిగేసేవాణ్ణి. దిక్కుమాలినది, ఇంతవరకు ఎగరలేదు.

సరే, ఒప్పుకుంటాను. బడిగంట సంగతి నిజమే, కావాలంటే కుశనూర్‌లో అడగండి. కల్పించింది ఒక్కటే, మెకానిక్‌తో నేనన్న ఆ గొప్ప మాట. నేను కొల్హార్ చేరేసరికే బామ్మర్ది బాక్సు అతని బల్ల మీదుంది. తెల్లవారుజామున షిఫ్టుకు పోయే వాళ్ల ఆటోలో నా భార్య దాన్ని పంపేసిందట. ఖాళీ సంచిలో పాత దిండ్లు కుక్కి వరండాలో అక్కడే పెట్టింది. ఆ పొద్దున నేను తిట్టింది దిండ్లను.

నేను నోరు తెరవక ముందే మెకానిక్ పానా అందుకున్నాడు.

"అక్క చెప్పిందన్నా, ఇయ్యాల నువ్వొక్కనివే వస్తవని."

నేను తాళాలిచ్చాను, అంతే.