ఇంటర్నెట్ పేజీ మీద రెండు పొట్టి సంతకాలు

నా డైరీల్లో రబ్బరుతో చెరిపిన చోటు ఒక్కటి కూడా కనబడదు. ముప్పై నాలుగేళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డు గదిలో పనిచేసినవాడిని. అక్కడ తప్పు రాస్తే చెరపకూడదు, దాని మీదే మళ్లీ దిద్దకూడదు. కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, రాసినవారు పొట్టి సంతకం పెట్టాలి. తప్పు ఒప్పుకోవడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి నాకు ఇంకెక్కడా కనబడలేదు. రిటైరై నల్లగండ్లలో ఈ నాలుగో అంతస్తు ఫ్లాట్‌కు వచ్చాక కూడా దాన్ని మానలేదు.

ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకున్న వారమే డైరీ చివరి పన్నెండు పేజీలు దానికి కేటాయించాను. కొత్త మాట విన్న రోజున ఎడమవైపు రాసేవాడిని, అర్థం తెలిసిన రోజున కుడివైపు నింపేవాడిని. ‘సర్వర్’ అన్న మాట ఎదురుగా చాలాకాలం ఖాళీగానే ఉంది. ఒకరోజు పాలు తెచ్చుకుంటూ ఉండగా తట్టింది, అది మా రికార్డు గదే కదా అని. ఎక్కడో దూరాన ఉండి, అడిగినవారికి అడిగిన కాగితం తీసి ఇవ్వడమే పనిగా ఉన్న కంప్యూటర్. అలాగైతే బ్రౌజర్ మన దరఖాస్తు పట్టుకుని లోపలికి వెళ్లి, కాగితం తెచ్చి మన ముందు పెట్టే అటెండర్. వెబ్‌సైట్ అడ్రసు ఫైలు నంబరు. ఒక్క అక్షరం తేడా వస్తే ఇంకెవరిదో ఫైలు వస్తుంది. డౌన్‌లోడ్ అంటే నకలు తెచ్చుకోవడం, అసలు అక్కడే ఉంటుంది. అప్‌లోడ్ అంటే మన కాగితం నకలు అక్కడికి పంపడం.

ఇదంతా చదివి వినిపిస్తే మా ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, “రిటైరైనా ఆ ఆఫీసును ఒదుల్తలేరు మీరు,” అంది.

మా అపార్ట్‌మెంట్‌లో మెట్లు, కారిడార్లు తుడిచే ఆమె బోరబండ నుంచి రోజూ లోకల్ రైలులో లింగంపల్లి దాకా వస్తుంది. వయసు నలభైకి దగ్గర. పదో తరగతి పాసైంది. ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు తుడుపుకర్ర పట్టుకుని నిలబడి అడిగింది.

“సార్, మీకు ఇంటర్నెట్ వస్తదా?”

“వస్తుంది. ఏమైందమ్మా?”

“గా ఇంటర్నెట్ నాకు పది రోజుల్ల రావాలె.”

సంగతి ఏమిటంటే, ఆమెను పనిలో పెట్టుకున్న ఏజెన్సీకి మాదాపూర్‌లో ఒక ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ కావాలి. ఉన్నవాళ్లలోంచే ఒకరిని తీసుకుంటామన్నారు. పనివాళ్ల హాజరు వెబ్‌సైట్‌లో నింపాలి, శుభ్రం చేసిన చోట్ల ఫొటోలు ఈమెయిల్‌లో పంపాలి. అవి వస్తాయో రావో పది రోజుల్లో పరీక్ష పెట్టి చూస్తారు. ఆరేళ్లుగా ఏడంతస్తుల మెట్లు వంగి తుడిచి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేస్తుంది.

“పేరిచ్చిన సార్. మా మేనేజర్ నవ్విండు. కర్ర పట్టే చేతికి కంప్యూటర్ ఎందుకే అన్నడు. ఈ ఛాన్స్ ఇప్పుడు పోతే ఇగ మళ్ల నన్నెవరు అడుగుతరు?”

మర్నాటి నుంచి రెండు నుంచి మూడు దాకా, ఆమె భోజనం వేళ, మా డైనింగ్ టేబుల్ మీద పాఠం. ఆమె ఒక నోటుబుక్ తెచ్చుకుంది. నేను అందులో మార్జిన్ గీసి ఇచ్చాను. మొదటిరోజు సర్వర్ గురించి, రికార్డు గది గురించి చాలా శ్రద్ధగా చెప్పాను. అంతా విని, “సార్, ఆఫీసుల ఫైళ్ల మీద దుమ్ము దులిపిన గాని లోపలేముంటదో నాకేం ఎర్క?” అంది. అయినా రాసుకుంది.

రెండో రోజు ఆమెకు ఈమెయిల్ ఖాతా తెరవబోయాం. పాస్‌వర్డ్ కొట్టే సమయానికి నేను కుర్చీలోంచి లేచి బాల్కనీ వైపు తిరిగి నిలబడ్డాను. పాస్‌వర్డ్ గురువుకు కూడా చెప్పకూడదని మొదటి పేజీలోనే రాయించాను మరి. ఎదురు బ్లాకులో ఆరేసిన బట్టలు లెక్కపెడుతుంటే వెనకనుంచి, “అయిపాయె సార్, ఇటు తిరుగున్రి,” అని వినబడింది.

ఆ తర్వాత ఆమె ఫోనుకు ఆరంకెల ఓటీపీ వచ్చింది. ఏ నంబరు వచ్చినా ముందు రిజిస్టరులో ఎక్కించడం నా జీవితకాలపు అలవాటు. క్రమసంఖ్య, తేదీ, సమయం వేయించి, ఓటీపీ రాయించి, కింద గీత గీయించి, అంకెలు సరిపోయాయో లేదో ఫోనుతో పోల్చి చూసి, అప్పుడు కొట్టమన్నాను. గడువు అయిపోయిందని తెర మీద వచ్చింది. మరొకటి తెప్పించాం. దాన్నీ ఇంకా జాగ్రత్తగా ఎక్కించాం. అదీ పోయింది. మూడోసారి నేను స్కేలు వెతుకుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి కేక వేసింది.

“గదేమన్న పట్టా కాయితమా దాచిపెట్టనీకె? ముందు కొట్టనియ్యున్రి ఆ పిల్లను!”

కొట్టింది. ఖాతా తెరుచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె ఎంతసేపు నవ్విందో! ఆ రోజు డైరీలో ఇలా రాశాను: “ఓటీపీ, ఒక్కసారికే, కొద్ది నిమిషాలకే పనికొచ్చే తాళంచెవి. రాసుకోకూడదు, ఎవరికీ చెప్పకూడదు, వెంటనే వాడాలి.” ‘వచ్చిన ప్రతి నంబరూ ముందు రాసుకోవాలి’ అని ముందురోజు రాసిన నా వాక్యానికి గీత కొట్టి పొట్టి సంతకం పెట్టాను.

ఐదో రోజుకల్లా హాజరు పట్టిక నింపడం చేతికి వచ్చింది. నాకంటే వేగంగా అక్షరాలు వెతికి కొడుతోంది. ఆరో రోజు ఈమెయిల్‌కు ఫొటో జతచేయడం నేర్పాలి. పేజీ తెరుచుకోలేదు. తెర నడుమ ఆ చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ల్యాప్‌టాప్ మూలన వైఫై గీతలు మాత్రం నిండుగా ఉన్నాయి. నేను పెన్ను తీసి రాశాను: “వైఫై నిండుగా ఉంది. అంటే ఇంటర్నెట్ ఉంది. తప్పు వెబ్‌సైట్‌ది. ఆగి చూడాలి.” ఆగాం. ఆమె భోజనం వేళలో ఇరవై నిమిషాలు పోయాయి. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

ఆమె లేచి హాల్లో టీవీ పక్కనున్న వైఫై డబ్బా దగ్గరికి వెళ్లింది.

“సార్, దీని మీద ఎర్రలైటు రోజు ఉంటదా?”

“లేదమ్మా, అన్నీ పచ్చవే ఉంటాయి.”

“పొద్దుగాల పెయింటోళ్లు డక్ట్‌ల వైర్లు గుంజిన్రు. నేను చూసిన. మీ లైనే ఊడిందేమో.”

“వైఫై నిండుగా చూపిస్తోంది కదా?”

“సార్, బోరబండల మా ఇంట్ల నల్లా ఉన్నది. కొత్తది, మంచిగ తిరుగుతది. నీళ్లేమో దినం తప్పిచ్చి దినం వస్తయి. నల్లా ఉన్నదని నీళ్లున్నట్టా?”

నేను చెప్పులు వేసుకుని ఆమె వెంట కారిడార్‌లోకి వెళ్లాను. వైర్లు, పైపులు పోయే డక్ట్ తలుపు తీస్తే మా ఫ్లాట్ నంబరు చీటీ ఉన్న వైరు ఊడి వేలాడుతోంది. డబ్బాకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉన్నది వైఫై. ఆ డబ్బాలోకి బయటినుంచి రావాల్సింది ఇంటర్నెట్. ఏడాదిగా రెండూ ఒకటేనని నేను అనుకుంటున్నాను, డైరీలో కూడా అలాగే రాసుకున్నాను.

తిరిగి వచ్చి, ఆ నాలుగు వాక్యాల మీద గీత కొట్టి, పక్కన ఆమె మాట రాశాను: “వైఫై ఇంట్లోని నల్లా. ఇంటర్నెట్ నీళ్లు.” దాని కింద ఇద్దరం కలిసి ఇంకొకటి చేర్చాం. ఒక సైటు తెరుచుకోకపోతే వెంటనే ఇంకొకటి తెరిచి చూడాలి. అది వస్తే మొదటి సైటుదే తప్పు, ఏదీ రాకపోతే నీళ్లే లేవు. మరి నీళ్లు లేనప్పుడు ఏం చేయాలని అడిగాను. “పక్కింటోళ్లను అడుక్కోవాలె, లేకుంటే ట్యాంకర్ తెప్పించాలె,” అంది. ఫోనులోని ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్‌కు పంచే హాట్‌స్పాట్ ఆ రోజే నేర్పాను. దాని ఎదురుగా తన నోటుబుక్‌లో ‘ట్యాంకర్’ అని రాసుకుంది.

దిద్దిన చోట పొట్టి సంతకం పెట్టేశాను గానీ, మనసు ఒప్పలేదు. రాసినవారే సంతకం పెట్టాలన్నది నియమం. ఆ మాట నాది కాదు.

పరీక్ష రోజు రెండు దాటింది, ఆమె రాలేదు. మూడు దాటింది. రికార్డు గదిలో తనిఖీ జరిగిన రోజుల్లో కూడా నేను అంత పరేషాన్ కాలేదు. మూడున్నరకు బెల్ మోగింది. నీలం రంగు మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు.

“ఏమైందే, ముందు చెప్పు!” అంది మా ఆవిడ.

“జర కూసోనియ్యమ్మా.” కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి చెప్పింది. “ఆరుగురం పోయినం. హాజరు అందరం నింపినం. ఫొటో పంపుమనంగనే చక్రం తిరుగుడు షురువైంది. పరీక్ష పెట్టే సార్ సైటు స్లో ఉన్నది, ఆగున్రి అన్నడు. అందరు కొట్టిందే కొడుతున్నరు. నేను ఇంకో సైటు తీసిన, రాలే. ఇంకోటి తీసిన, రాలే. సైటుది కాదు సార్, మీ వైఫైకి నీళ్లు వస్తలేవన్న.”

“నీళ్లా!” అన్నాను.

“గట్లనే అన్న. ఆయన నా మొఖం దిక్కు చూసిండు. నా ఫోన్ల హాట్‌స్పాట్ పెట్టుకుంటనని అడిగిన. పెట్టుకోమన్నడు. నాది పోయింది సార్ మెయిల్. మిగిలినోళ్లకు గూడ నా ఫోన్‌కెళ్లే నెట్ ఇచ్చిన.”

“వాళ్లకెందుకిచ్చినవే?” మా ఆవిడ ఉండబట్టలేక అడిగింది.

“పాపం, వాళ్లు గూడ లోకల్ పట్టుకునే వచ్చిన్రు కదమ్మా. గా సారు నా దిక్కే చూసుకుంట రాసుకున్నడు. సోమవారం సంది రమ్మన్నరు. ఓటీపీ మాత్రం బుక్కుల ఎక్కియ్యలే సార్!”

మా ఆవిడ డబ్బా తెరిచి ఆమె నోట్లో చక్కెర పోసింది. నేను కళ్లద్దాలు తుడుచుకోవడానికి కొంత సమయం తీసుకున్నాను. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నా దగ్గర పని నేర్చుకున్న గుమాస్తాలు ఎందరో ఉన్నారు. నేర్చుకున్నదాన్ని ఇంత సరిగ్గా, ఇంత అవసరమైన చోట వాడినవారిని చూడలేదు. అందులో సగం ఆమే నాకు నేర్పింది.

సోమవారం నుంచి ఆమె లింగంపల్లి దాకా రానక్కరలేదు, మాదాపూర్‌కు దగ్గరున్న హైటెక్ సిటీ స్టేషన్‌లోనే దిగుతుంది. వెళ్లేముందు డైరీ తెచ్చి ఆమె ముందు పెట్టాను.

“ఈ మాట నీది. దీని పక్కన నీ పొట్టి సంతకం ఉండాలి.”

“హాజరు బుక్కుల పూర తప్ప వేరే సంతకం ఎన్నడు పెట్టలే. పొట్టిది అంటే ఎట్ల సార్?”

ఇంటిపేరు, పేరుల మొదటి అక్షరాలు రెండూ కలిపి, ఎప్పుడూ ఒకేలా రాయాలని చెప్పాను. దినపత్రిక అంచు మీద నాలుగుసార్లు రాసి చూసుకుంది. తర్వాత డైరీలో, నా సంతకం పక్కనే, తొణక్కుండా పెట్టింది.

“సోమవారం సంది రిజిస్టర్ల గిదే పెడ్త,” అంది.

మా ఆవిడ నా భుజం మీదుగా తొంగి చూసి, “మీ దాని కన్న ఆమెదే సాపుగున్నది,” అంది. పరిశీలించి చూశాను. నిజమే. ఆ సంగతి కూడా ఆ రోజు పేజీలో రాశాను.