వెనక్కి నడిచిన దశలు

మేంగ్ చీహో దగ్గరికి ఎవరొచ్చినా ఆయన ముందు అడిగేది పేరు కాదు, పుట్టిన జాము. ఏడు, నెల, రోజు అందరూ గడగడా చెప్పేస్తారు. జాము దగ్గరికొచ్చేసరికి నసుగుతారు. "తెల్లారగట్ల అనుకుంటానండీ" అంటారు. "కోడి కూసిందంట" అంటారు.

"ఏ కూత? మొదటిదా, రెండోదా?" అని చీహో కసురుకుంటాడు.

రోజుకు పన్నెండు జాములు. ఒక్కోటి రెండు గంటలు. ఏళ్లకీ, దశలకీ, రోజులకీ, జాములకీ పన్నెండు జంతువుల పేర్లే తిరుగుతుంటాయి. జాము తప్పితే జాతకంలో పిల్లల స్థానం మారిపోతుంది, ముసలితనం మారిపోతుంది. అందుకే ఎదురుగా కూర్చోబెట్టి తల్లికి ఫోన్ చేయించేవాడు. తల్లి పోయుంటే మేనత్తకి. మాసాన్ రేవులో చేపల బజారు వెనక సందులో ఆయనకొచ్చిన పేరంతా ఈ చాదస్తం మీద వచ్చిందే.

అంత చాదస్తం ఉన్న మనిషి సోల్ బోక్‌నమ్ దగ్గర అడగాల్సిన ఒక్క మాట అడగలేదు.

చీహో జాతకాల ఇంట్లో పుట్టినవాడు కాదు. ఇరవయ్యారో ఏట నూలు మిల్లులో యంత్రం ఎడమ మోకాలిని నమిలేసింది. రెండేళ్లు ఆసుపత్రి మంచం. పక్క మంచం మీదున్న ముసలాయన ఊపిరితిత్తులు పాడై చావడానికి సిద్ధంగా ఉన్నాడు, జాతకాలు చూడటం తెలిసినవాడు. పొద్దుపోక చీహోకి నేర్పాడు. చీహో బతుకుతెరువు కోసం నేర్చుకోలేదు, కోపంతో నేర్చుకున్నాడు. నా కాలు ఈ ఏడే ఎందుకు పోవాలి? పక్కవాడిది ఎందుకు పోలేదు? లెక్క వేసుకుంటే, అప్పుడు నడుస్తున్న పదేళ్ల దశా, ఆ సంవత్సరమూ రెండూ కూడబలుక్కుని తన జాతకం మీద పడ్డాయని తేలింది. అది నిజమో అబద్ధమో గానీ, ఆ రోజు ఆయనకు కంటినిండా నిద్ర పట్టింది. నలభై నాలుగేళ్లుగా జనానికి ఆయన ఇచ్చింది కూడా ఆ నిద్రే.

"పుట్టిన ఏడు, నెల, రోజు, జాములకు రెండేసి చొప్పున వచ్చే ఎనిమిది అక్షరాలు పడవ" అని చెప్పేవాడు. "పదేళ్లకోసారి మారే దశ ఆటుపోటు. ఏటేటా వచ్చే సంవత్సరం గాలి. పడవ బాగుందని ఆటుపోటు చూడకుండా సముద్రంలోకి పోతానంటే నా దగ్గరికి రాకు."

బోక్‌నమ్ మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు ముప్పయ్యేళ్లు. చూ మామ్మ హోటల్లో అగ్వీ చేపలు కోసే పని. అగ్వీకి ఒంట్లో సగం నోరే ఉంటుంది, పళ్లు లోపలికి తిరిగి ఉంటాయి, అలవాటు లేనివాళ్లు వేళ్లు చీల్చుకుంటారు. బోక్‌నమ్ వేళ్ల మీద అప్పటికే అలాంటి గీతలు చాలా ఉన్నాయి. చంద్రమానం కొత్త సంవత్సరానికి ముందు రోజులవి. ఏడాది ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి జనం సందు మొదటిదాకా నిలబడ్డారు.

"పడవ ఇంజన్లు బాగుచేసే హామ్ గప్సు అని ఒకతను మాస్టారూ" అంది తల దించుకుని. "చేసుకుంటానంటున్నాడు."

"నువ్వేమంటున్నావ్?"

"మీరు చెప్పాక అంటాను."

ఆమె చెప్పిన వివరాలు ఇవి: ఎలుక సంవత్సరం, ఆఖరి నెల, వసంత ప్రవేశం రోజు, పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా ఉండే పాము జాము.

తప్పు ఇక్కడే జరిగింది. బజారు లెక్కలో సంవత్సరం చంద్రమానం పండగనాడు మారుతుంది. జాతకం లెక్కలో వసంతం ప్రవేశించే క్షణాన మారుతుంది. ఆ ఏడు ఆ క్షణం సరిగ్గా పాము జాములోనే పడింది, పదికి ఇంకో పావుగంట ఉందనగా. జాము మొదట్లో పుడితే ఎలుక. చివర్లో పుడితే ఎద్దు. ఆడపిల్లకి ఎలుక సంవత్సరమైతే దశలు వెనక్కి నడుస్తాయి, ఎద్దు అయితే ముందుకి. ఇల్లంతా ఆమెను ఎలుక పిల్ల అనే పిలిచేవాళ్లు. బయట జనం కాళ్లు నేలకేసి కొడుతున్నారు, చలి. జాము మొదట్లోనా, చివర్లోనా అని అడగకుండానే చీహో ఎలుక అని రాసుకున్నాడు.

"చలికాలంలో పుట్టిన మట్టివి నువ్వు. గడ్డకట్టి ఉన్నావు. ఎండ కావాలి. కానీ నీ దశలు శీతాకాలం నుంచి వెనక్కి, ఆకు రాలే కాలంలోకి పోతున్నాయి. ఈ ముప్పయ్యో ఏట కుక్క దశ మొదలవుతుంది. నీ పెళ్లి స్థానంలో డ్రాగన్ ఉంది. కుక్కకీ డ్రాగన్‌కీ పడదు. చేసుకుంటే ఆ ఇల్లు నిలబడదు. తర్వాత పదేళ్లూ అంతే. నీ పేరు మీద ఏదీ మొదలుపెట్టకు. ఒకరి చూరు కింద ఉండు."

బోక్‌నమ్ ఉంది. గప్సు రెండేళ్లు చూశాడు. తర్వాత ఉల్సాన్ వెళ్లిపోయి అక్కడ పెళ్లి చేసుకున్నాడు. బోక్‌నమ్ ప్రతి ఏడూ వసంత ప్రవేశం వెళ్లిన వారానికి చీహో దగ్గరికొచ్చి కూర్చునేది. ఇరవై ఏళ్లు వచ్చింది. ఇరవై ఏళ్లూ ఆయన ఒక్కమాటే చెప్పాడు: ఇంకా ఆగు.

ఈసారి వచ్చినప్పుడు ఆమె కోటు విప్పకుండానే మొదలుపెట్టింది.

"చూ మామ్మ హోటల్ మానేస్తోంది. మోకాళ్లు పోయాయంట. నన్ను నా పేరు మీద తీసుకోమంటోంది. ఈ నెలాఖరులోపు చెప్పకపోతే ఎవరో కాఫీ కొట్టు వాళ్లకి ఇచ్చేస్తుందంట. మీరు వద్దంటారని తెలుసు. వద్దనిపించుకుని పోదామని వచ్చా."

"అంత తెలిసినదానివి రావడం ఎందుకు?" అన్నాడు చీహో నోటుపుస్తకం తీస్తూ.

"అలవాటు" అని నవ్వింది. "మొన్న అమ్మ సంవత్సరీకానికి పిన్ని వచ్చింది మాస్టారూ. ఏం చెప్పిందో తెలుసా? నేను పుట్టిన పూట మా నాన్న చేతులకి జిగురేనంట. వసంతానికి స్వాగతం రాసిన కాగితం గేటుకి అంటించడానికి ధాన్యం మిల్లు గడియారం చూసొచ్చి, వసంతం వచ్చే నిమిషానికి సరిగ్గా అంటించేవాడు కదా. అంటించి, వెనక్కి జరిగి, వంకర పోయిందా అని చూసుకుంటుంటే లోపల్నించి నా ఏడుపు వినిపించిందంట. ఆ చేతుల్తోనే ఎత్తుకోబోతే అమ్మ తిట్టిందంట, కడుక్కురా పెంటమనిషీ అని."

చీహో పేజీ తిప్పడం ఆపాడు.

"అంటించాకా? అంటించకముందా?"

"అంటించాకే. జిగురు ఇంకా తడిగా ఉందంటే మరి... ఏంటి మాస్టారూ, అలా చూస్తారు?"

"రేపు రా" అన్నాడు. "ఈరోజు కళ్లు సరిగా ఆనడం లేదు."

ఆమె వెళ్లాక ఆయన పంచాంగం తీశాడు. తీయాల్సిన పనేమీ లేదు, ఆ క్షణం ఎప్పుడో ఆయనకు కంఠతా వచ్చు. అయినా తీసి వేలు పెట్టి చూశాడు. ఆ తర్వాత కొత్త కాగితం మీద జాతకం మళ్లీ వేశాడు. ఎలుక పోయి ఎద్దు వచ్చింది. ఆఖరి నెల పోయి మొదటి నెల వచ్చింది. దశలు ముందుకు తిరిగాయి. పదిలో కుందేలు, ఇరవైలో డ్రాగన్, ముప్పయ్యిలో పాము, నలభైలో గుర్రం. వసంతం నుంచి వేసవిలోకి. గడ్డకట్టిన మట్టికి ఇరవై ఏళ్ల ఎండ. ఆ ఎండ నిన్నటితో అయిపోయింది.

సాయంత్రం అన్నం దగ్గర ఆయన భార్య పానిమ్ ముల్లంగి పులుసు వడ్డిస్తూ మొహం చూసి అడిగింది. చెప్పాడు. దాచడం ఆయనకు చేతకాదు.

"ఏవయ్యా, ఇందులో అంత ఆలోచించేదేముంది?" అంది పానిమ్. "నీ కాలం తిరిగింది, హోటల్ తీసుకో అను. ఆ పిల్లకి హోటల్ దక్కుతుంది, నీకు పేరు మిగుల్తుంది."

"మరి గప్సు?"

"గప్సు కూతురు కాలేజీ వయసుకొచ్చింది. ఇప్పుడు పోయి చెయ్యి పట్టుకు లాక్కొస్తావా? చెప్పి ఏం చేస్తావ్? ఇప్పటిదాకా తన రాత ఇంతే అనుకుంటోంది. రేపట్నుంచి, కాదు, ఈ ముసలాడి నిర్వాకం అనుకుంటుంది. దానికి ఏది నయం?"

చీహో చెంచా పక్కన పెట్టాడు. "మనకి తెలీదు ఏది నయమో. అది తేల్చుకోవాల్సింది ఆవిడ. ఇరవై ఏళ్ల కిందట ఆవిడ తరఫున నేను తేల్చాను, చాలు."

"నలుగురికీ తెలిస్తే?"

"తెలియనీ."

పొద్దున బోక్‌నమ్ కూర్చోగానే రెండు కాగితాలూ ఆమె ముందు పెట్టాడు. ఏ ముందుమాటా లేకుండా చెప్పాడు. మీ నాన్న కాగితం అంటించాక పుట్టావంటే నువ్వు ఎలుకవి కాదు. నీ దశలు వెనక్కి కాదు, ముందుకి. నేను తప్పు చూశాను.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. రెండు కాగితాల మీదా వేలు పెట్టి ముప్పయ్యి అన్న అంకె ఎక్కడుందో వెతుక్కుంది. ఒకదాని కింద కుక్క. ఒకదాని కింద పాము.

"అయితే ఆ రోజు గప్సు సంగతి ఏం చెప్పేవారు?"

"ఆ వసంతంలోనే చేసుకోమనేవాణ్ణి."

"అంతేనా?"

"అంతే."

"మరి నలభైలో?"

"గుర్రం. నడివేసవి. నీ జన్మలో నీకు ఎండ బాగా తగిలే పదేళ్లు."

"ఆ పదేళ్లూ నేను మామ్మ వంటింట్లో చేపల పొట్టలు కోశాను" అంది బోక్‌నమ్. గొంతు పెంచలేదు. "అందర్నీ కోడి ఎన్నో కూత అని అడుగుతారు కదా. సందులో మీ గురించి నవ్వుకుంటారు కూడా. నన్నెందుకు అడగలేదు?"

చీహో అబద్ధం చెప్పొచ్చు. మీ అమ్మ చెప్పలేదనొచ్చు. "ఆ రోజు లైను పెద్దది" అన్నాడు.

"లైను."

"అవును."

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట ఎవరో ఐసు పెట్టెలు ఈడ్చుకుపోతున్నారు. ఆ చప్పుడు సందు చివరిదాకా పోయి ఆగింది.

"నాకూ భయంగానే ఉండేది మాస్టారూ. అతను తాగేవాడు. మంచివాడే, కానీ తాగేవాడు. మీరు వద్దన్నారని అతనికి చెప్పేటప్పుడు నాకు కొంచెం తేలిగ్గా అనిపించింది. అది నా తప్పు, మీది కాదు. కానీ ఆ సాకు నా చేతికిచ్చింది మీరు. ఏటేటా వస్తే ఏటేటా ఇచ్చారు."

"ఇచ్చాను."

"ఇంకెవరైనా అయితే నేను ఈ బల్ల ఎత్తి అవతల పారేసేదాన్ని."

"పారెయ్యి."

ఆమె పారెయ్యలేదు. చీహో కొత్త కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "యాభై నుంచి గొర్రె దశ. వేసవి చివర. ఇంకా వేడి ఉంది. హోటల్ విషయం..."

"ఆపండి."

"మంచిదే చెబుతున్నా అమ్మాయ్."

"మంచిదైనా వద్దు. మీరు సరే అంటే, రేపు అది నడిస్తే మీ దశ వల్ల నడిచిందంటారు. నడవకపోతే మళ్లీ వచ్చి ఇక్కడ కూర్చుంటాను. నాకు ఓపిక లేదు." లేచి, కోటు బొత్తాలు పెట్టుకుంది. రెండు కాగితాలూ బల్ల మీదే వదిలేసింది. తలుపు దగ్గర ఆగింది. "వచ్చే ఏడు రాను. నాకోసం చూడకండి."

తర్వాత వారం రోజులు చీహో ఎవరికీ జాతకం చూడలేదు. పండగ ముందు రోజులు, సంపాదనంతా అప్పుడే. అయినా తలుపు వేసుకుని నలభై నాలుగేళ్ల నోటుపుస్తకాలు ముందేసుకున్నాడు. వసంత ప్రవేశం రోజు పుట్టినవాళ్లు, నెలలు మారే సంధుల్లో పుట్టినవాళ్లు, ఒక్కో పేరు ఏరాడు. జాము మాత్రమే రాసి, ముందా వెనకా అని రాయనివి ఏడు తేలాయి. ఇద్దరు చచ్చిపోయారు. ఒకడు ఫోన్లోనే బూతులు తిట్టాడు. ఒకావిడకి ఈయనెవరో గుర్తే లేదు, ఈయన చెప్పినదేదీ ఆవిడ చెయ్యలేదు, సుఖంగా ఉంది. మిగిలిన ముగ్గురి దగ్గరికీ కుంటుకుంటూ వెళ్లి స్వయంగా చెప్పొచ్చాడు. సందులో మాట పాకింది. చీహో తప్పు చూస్తాడంట అని ఒకరన్నారు, చీహో తప్పైతే తప్పంటాడంట అని ఇంకొకరన్నారు.

హోటల్ బోక్‌నమ్ తీసుకుందన్న కబురు పానిమే మోసుకొచ్చింది. "మార్చేసేదేం లేదంట. గోడలకి సున్నం, అంతే. గురువారం తెరుస్తోంది. ముహూర్తం ఎవర్నీ అడగలేదంట."

చీహో చెయ్యి దానంతటదే పంచాంగం మీదికి పోయింది. గురువారం కుక్క రోజు. ఏ లెక్కలో చూసినా, ముందుకి నడిపినా వెనక్కి నడిపినా, ఆమె పెళ్లి స్థానంలోని డ్రాగన్‌కి అది ఎదురే. కొట్టు తెరవడానికి ఆయన ఎవరికీ ఇవ్వని రోజు. శుక్రవారం అయితే బంగారంలాంటి రోజు. ఒక్కరోజు తేడా.

"చెబుతావా?" అని అడిగింది పానిమ్, ఆయన మొహం చూసి.

చీహో ఆ పేజీలో శుక్రవారం మీద వేలు పెట్టాడు. నలభై నాలుగేళ్లలో చూసిన దాన్ని చూసినట్టు చెప్పకుండా ఉండటం ఆయనకు ఎప్పుడూ రాలేదు. పంచాంగం మూసేశాడు. "లేదు" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం వెళ్లాడు. తలుపు బయట ఏడెనిమిది మంది ఉన్నారు. ఆయనా వాళ్ల వెనకే నిలబడ్డాడు. మోకాలు లాగుతోంది. ఎవరో గుర్తుపట్టి ముందుకు పొమ్మన్నా కదల్లేదు. వంతు వచ్చాక గోడ పక్క బల్ల దగ్గర కూర్చుంటే బోక్‌నమే వచ్చింది, తలకి గుడ్డ కట్టుకుని, మోచేతులదాకా ఎర్రగా కారం.

"కారం ఎక్కువా, తక్కువా?"

"నువ్వు ఎలా పెడితే అలా."

"అలా కుదరదు. ఎక్కువా, తక్కువా? మీరే చెప్పాలి."

"తక్కువ."

తెచ్చి పెట్టింది. మొలకల మీద పొగలు కక్కుతూ అగ్వీ ముక్కలు. చీహో వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. నోరు మండి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. గిన్నె ఖాళీ చేశాక కూడా అక్కడే కూర్చున్నాడు, ఆమె మళ్లీ ఇటు వస్తే ఏదో ఒకటి అనాలని.

ఆమె వచ్చింది. గిన్నె తీసుకుంది. బల్ల తుడిచింది.

"తిన్నవాళ్లు లేవాలి మాస్టారూ" అంది. "బయట జనం నిలబడ్డారు."

ఆయన లేచాడు.