శిలాఫలకం పడని ఎస్టిమేట్

కరీంనగర్‌లో మా సేటు ప్రభుత్వ కాంట్రాక్టర్. ఏ పనికి ఎంత ఖర్చవుతుందో ముందే లెక్కగట్టే ఎస్టిమేటర్లను వెతికి తెచ్చి, తర్ఫీదు ఇవ్వడం నా ఉద్యోగం. పని నేర్చుకున్నారనుకోగానే, మూడో నెలలో వాళ్లు ఇంకో కాంట్రాక్టర్ దగ్గర చేరేవాళ్లు. నా శిక్షణకు అంతకు మించిన సర్టిఫికెట్ లేదు.

ఈసారి మంచిర్యాల పక్కనున్న నస్పూర్ అమ్మాయి వచ్చింది. ఇసుక రేటు అడిగితే, "చెన్నూరు నుంచి తెచ్చేదా సార్, బిల్లుల చూపెట్టేదా?" అంది. ఈమెను వదలకూడదనుకున్నాను.

ఆఫీసులో ఆడవాళ్లకు బాత్రూం లేదు. "నెల దినాలల్ల కట్టిస్త బిడ్డా" అన్నాడు సేటు.

"నెల దాటితే నేనుండ" అంది.

మొదటి పాఠంగా ఆ బాత్రూంకే ఎస్టిమేట్ వేయించాను. నల్లా వాషర్ కూడా ఆమె మరవలేదు. సేటు కాగితం తిప్పి చూసి, "శిలాఫలకం ఏది?" అన్నాడు.

"బాత్రూంకా సేటు?" అంది.

"పనన్నంక రాయుండాలె. ఇచ్చోడ బస్ షెల్టర్ల బెంచీ లేకున్నా రాయున్నది. ఎవ్వలన్న అడిగిండ్రా?"

బాత్రూం లేచింది. రాయి పెట్టి, రిబ్బన్ కట్టి, తాళం వేశారు. ప్రారంభించాల్సిన లీడరు మాత్రం రేపు, ఎల్లుండి అంటూనే ఉన్నాడు. ఆయనకు బాత్రూం అని చెప్పలేదు, 'మహిళా సౌకర్య కేంద్రం' అన్నాం.

నెల నిండిన రోజే ఆదిలాబాద్ హాస్టల్ టెండరుకు గడువు. లెక్క సగంలో ఉండగా ఆమె బ్యాగు సర్దుకుంది. సేటు లీడరుకు ఫోన్ చేశాడు. ఏదో పెళ్లిలో ఉన్నాడట.

"జర ఆగు బిడ్డా, పొద్దుగూకినంక వస్తడట."

"నాకు అప్పటిదాక ఆగదు సేటు."

నా బల్ల మీది కత్తెరతో రిబ్బన్ కత్తిరించి, తాళంచెవికి చెయ్యి చాపింది. అలవాటు కొద్దీ అందరం చప్పట్లు కొట్టాం. సేటు కూడా.

లోపలి నుంచి గొంతు వినిపించింది. "నల్లా ఏది?"

"రాయి కలిపినంక నల్లా కోసేసిన బిడ్డా. లెక్క కుదరాలె గద."

బకెట్‌తో నేనే పరుగెత్తాను. బయటికొచ్చి బ్యాగు భుజాన వేసుకుంది. "హాస్టల్ లెక్కల నల్లాల ఖర్చు నేను కొయ్య. సరేనంటే కూసుంట. లేకుంటే మంచిర్యాల బస్సెక్కుత."

సేటు గడియారం చూశాడు, రాయి వైపు చూశాడు. "కూసో" అన్నాడు.

టెండరు మాకు రాలేదు. నల్లాలు కోసినవాళ్లకు వెళ్లింది. ఆమె మాత్రం మూడో నెల దాటినా మా దగ్గరే ఉంది. నా శిక్షణ మీద నాకే అనుమానంగా ఉంది.