ఎక్స్‌పార్టీ డిక్రీలో అమ్మ ఊరు

2021లో నేను వనపర్తిలో ఒక కోర్టు రికార్డు రూములో పనిచేస్తున్నాను. పాత కేసుల నకళ్లు కావాలంటే మా దగ్గరికే వస్తారు. ఎక్కువగా భూముల కేసులే. తన తల్లి విడాకుల కాగితం కోసం వచ్చింది మాత్రం నర్సింహులు ఒక్కడే.

ఆయనది గద్వాల, మగ్గం నేస్తాడు. యాభై దాటిన మనిషి. పసితనంలోనే తల్లి వదిలేసి వెళ్లిందని, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడని చెప్పాడు. తండ్రి పోయాక తన కూతురు అసలు నాయనమ్మది ఏ ఊరని అడిగిందట.

"బాలమణి అని పేరు తెల్సు మేడం. పుట్టినూరు తెల్వదు. ఇంట్ల ఎవ్వర్నడిగినా చెప్తలేరు" అన్నాడు.

కేసు ఏ సంవత్సరానిదో ఆయనకు తెలియదు. తాను బడిలో చేరిన ఏడాదే తండ్రి రెండో పెళ్లి జరిగిందని మాత్రం గుర్తుంది. అంతకు ముందరి సంవత్సరాల రిజిస్టర్లు ఒక్కొక్కటే తిప్పాను. నంబరు దొరికింది. అర్జీలు, వాంగ్మూలాలు ఉండే కట్టను గడువు తీరాక తీసేస్తారు కాబట్టి అది లేదు. డిక్రీ, అంటే తుది ఉత్తర్వు, మిగిలింది. బాలమణి తండ్రి పేరు, తెలకపల్లి దగ్గరి ఊరు అందులో ఉన్నాయి.

అది ఎక్స్‌పార్టీ డిక్రీ. ఎదుటివాళ్లు హాజరు కాకపోతే వాళ్లు లేకుండానే ఇచ్చే ఉత్తర్వు. ఆ మాట వినగానే ఆయన ముఖం వాడిపోయింది.

"కోర్టుకు గూడ రాలే. నేను అక్కర లేననే గద" అన్నాడు.

కింద ఇంకో వాక్యం చూపించాను. భార్య ఎక్కడుందో తెలియదని భర్త చెప్పడంతో నోటీసును పత్రికలో వేయించారు. ఆమె దాన్ని చూసిందో లేదో ఎవరికి తెలుసు, ఊరికి వెళ్లి అడగమన్నాను. వెళితే నువ్వెవరివంటారేమోనని చాలాసేపు తటపటాయించాడు. చివరికి నకలు తీసుకుని వెళ్లాడు.

కొన్ని వారాల తర్వాత ఒక ముసలామెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమే బాలమణి. తమ్ముడి ఇంట్లో ఉంటోంది. అప్పట్లో భర్తతో గొడవపడి పుట్టింటికి వచ్చిందట. కొడుకు కోసం గద్వాలకు వెళితే గడప తొక్కనివ్వలేదట. భర్త రెండో పెళ్లి కబురు వచ్చాకే విడాకుల సంగతి తెలిసిందట. ఆ కాగితంలో ఏముందో కోర్టువాళ్ల నోటనే వినాలని వచ్చింది.

మొత్తం చదివి వినిపించాను.

"పేపర్ల ఏసిండ్రా?" అంది. "నాకు సదువు రాదు బిడ్డా. మా ఊరికి పేపరే రాకపోయేది. మనిషిని పంపినా నడుసుకుంట వస్తుంటి. పిల్లగాన్ని నాకియ్యుండ్రి అని అడుగుతుంటి."

 నర్సింహులు లేచి ఆమె సంచి అందుకున్నాడు.

"పోదాం పా అమ్మా, గద్వాల బస్సొస్తది."

"మీ ఇంటికేనా?"

"మనింటికే."

ఇద్దరూ మెల్లగా మెట్లు దిగి వెళ్లారు. అప్పటి నుంచి ఎక్స్‌పార్టీ డిక్రీ నకలు ఎవరికిచ్చినా, రాని మనిషి ఎందుకు రాలేదో ఇందులో ఉండదని, బతికుంటే వెళ్లి వాళ్లనే అడగమని చెప్పి ఇస్తున్నాను.