హాలియా బస్సు

కుంపటి మీద చాయ మరుగుతున్నది. అమ్మ గోడకు ఒరిగి బియ్యం ఏరుతున్నది. నా చిన్నతనంల సూర్యాపేటల మా ఇంట్ల రోజూ ఉండే పొద్దే అది. ఐదేండ్ల చెల్లె తన పల్లిపట్టీని సగం విరిచి, కాగితంల చుట్టి, "తమ్ముడు ఏ బస్సుకొస్తడక్కా?" అని అడిగింది.

తమ్ముడు జ్వరంతో చనిపోయి అప్పటికి నెల. హాలియాల మేనత్త ఇంటికి పోయిండని చెల్లెకు చెప్పింది నేనే.

"సాయంత్రం బస్సుకు" అన్న. ఆ పిల్ల ఎన్ని సాయంత్రాలు గడప మీద కూసున్నదో!

మీ ఇండ్లల్ల కూడా పిల్లలకు గిట్లనే చెప్పేటోళ్ళు, యాదికుందా?

యాభై ఏండ్లు గడిచినయి. పోయిన నెల మిర్యాలగూడల ఆ చెల్లె భర్త చనిపోయిండు. ఇయ్యాల వాళ్ళింట్ల ఆమె నాలుగేండ్ల మనవరాలు పల్లిపట్టీ పట్టుకొని, "తాతకు దాస్తున్న. ఎప్పుడొస్తడు?" అన్నది. నా నోట్లకెల్లి అదే మాట వచ్చింది.

"హాలియాకు పోయిండమ్మా."

చెల్లె నా దిక్కు చూసింది. "మళ్ళ హాలియానేనా అక్కా? నాకైతే ఆ బస్సు ఇంకా రాలే."

సిగ్గుతో తలెత్తలేకపోయిన.

సాయంత్రం ఇంట్ల అందరం కూసొని అనుకున్నం. పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పాలె. చెప్పేది నేనే. ముందుగాల చెల్లెకు, ఇన్నేండ్లు నా నోటితోని ఒప్పుకోని తమ్ముని సంగతి, తర్వాత పిల్లకు తాత సంగతి.