టేకు అడవిలో సైకిలు

ఎనభైల్లో గోలేటి దగ్గర ఉండేవాళ్లం. ఇంటి నుంచి మా ఆయన పనిచేసే బొగ్గుగనికి టేకు అడవిలో సన్న బాట ఉండేది. లారీలు రావు, చూసి నవ్వేవారూ ఉండరని మా ఆయన నాకు అక్కడే సైకిలు నేర్పాడు.

ఒకనాడు షిఫ్టు మారే వేళ కాకుండానే సైరన్ మోగింది. గనిలో ఏదో జరిగిందన్నమాట. సైకిలెక్కాను. బాట పొడుగునా మోదుగులు పూసే ఉంటాయి, నాకు ఒక్క పువ్వూ కనబడలేదు. ఏడుపూ రాలేదు.

గని ముందు అన్నీ బొగ్గు ముఖాలే. ఒకతన్ని ఆపి, "అన్నా, మా ఆయన పైకొచ్చిండా?" అన్నాను.

"నేనేనే! మొగుణ్ని పట్టుకొని అన్న అంటవేందే?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లోపల ఎవరికీ ఏమీ కాలేదట. నేను నవ్వలేదు. కొంగుతో ఆయన ముఖం తుడిచి చూశాను. కొత్త చీర పాడైందన్న సంగతి ఇంటికొచ్చి ఉతికేటప్పుడు గుర్తొచ్చింది. ఏడుపు కూడా అప్పుడే వచ్చింది.