ఉప్పుటేట్లో వేలాడిన రేకు ముక్కలు

వాకాడు దగ్గర రొయ్యల చెరువుల్లో మరమ్మతుల షెడ్డు చూసుకోవడం నా ఉద్యోగం. ఇంజనీరింగ్ చదివినదాన్నని మొదట్లో కాస్త పొగరు కూడా ఉండేది. షెడ్డులో వెల్డర్‌గా అరవై దాటిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన బడికి ఎంతవరకు వెళ్ళారో నాకు తెలియదు. అల్యూమినియం గురించి నాకు అసలు చదువు చెప్పింది మాత్రం ఆయనే.

ఆయనకో అలవాటు. కొత్త రేకు ఏది వచ్చినా నాలుగు ముక్కలు కోసేవారు. ఒకటి వచ్చింది వచ్చినట్టే ఉంచి, ఒకటి వంచి, ఒకటి వెల్డింగ్ చేసి, ఒకటి బాగా కాల్చి, అన్నిటికీ గుర్తులు కొట్టి, నైలాన్ తాడుకు గుచ్చి, ఉప్పుటేట్లో పడవలు కట్టే గుంజకు వేలాడదీసేవారు. నెలకో ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతోనే వచ్చి, తాడు పైకి లాగి, నాచు గీకి, ఒక్కో ముక్కనూ ఎండలో తిప్పి చూసేవారు. నాకు నవ్వొచ్చేది.

"చేపలు పడినాయా అన్నా?" అని ఏడిపించేదాన్ని.

"పడతాయిలేమ్మా, నిదానంగా" అనేవారు.

ఆ రోజుల్లోనే మేత బస్తాలనూ మనుషులనూ మోసే పడవ ఒకటి కట్టించాం. మెగ్నీషియం కలిపిన అల్యూమినియం గట్టిగా ఉంటుంది, ఉప్పునీటికీ ఓర్చుకుంటుంది. ఇంకాస్త ఎక్కువ కలిపినదైతే ఇంకా గట్టి కదా అని అదే తెప్పించాను. బస్తాలకు చోటు కలిసొస్తుందని ఇంజిను పొగగొట్టాన్ని పడవ గోడను ఆనించి వేయించాను.

"ఈ రేకు మంటకి భయపడదు గానీ, దినామూ వెచ్చన తగిలితే ఏమైతాదో నాకు తెలీదమ్మా. గొట్టం కొంచెం ఎడంగా పెడదాం" అన్నారాయన.

"ఇది కరగాలంటే ఎంత వేడి కావాలో తెలుసా అన్నా? ఆ వెచ్చదనం దీన్నేం చేస్తుంది!" అన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెత నన్ను చూసే పుట్టి ఉండాలి.  ఆయన అదే రేకు ముక్కనొకటి గొట్టం పక్కన కట్టి ఊరుకున్నారు.

కొన్నేళ్ళకు, సరిగ్గా గొట్టం ఆనిన చోట పడవ గోడ చీలింది. ఒడ్డు దగ్గరే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. చెరువుల యజమాని వచ్చి చూసి, "ముసలాయనకు చూపు ఆనడం లేదు. అతుకు సరిగా పడలేదు. రేపట్నుంచి పన్లోకి రావద్దని చెప్పండి" అన్నారు. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. అయినా గొట్టం సంగతి ఎత్తకుండా, చీలిక కొలతలు రాసుకుంటూ ఉండిపోయాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

అక్కడే ఉన్న పెద్దాయన నేరుగా గుంజ దగ్గరకు వెళ్ళి తాడు లాగారు. రెండు ముక్కలు విప్పుకొచ్చి వైస్‌లో బిగించారు. ఆ పడవ రేకుదే, వెల్డింగ్ చేసిన ముక్కను సుత్తితో కొడితే చక్కగా వంగింది. రెండోది ఏడాది పైగా గొట్టం పక్కన ఉండి, ఆ తర్వాత ఏట్లో నానిన ముక్క. అది అప్పడంలా విరిగింది.

అప్పుడు వెలిగింది నాకు. పాకం నిలవుంటే పంచదార గిన్నె అంచులకు చేరినట్టు, చాలాకాలం వెచ్చగా ఉన్న రేకులో ఎక్కువైన మెగ్నీషియం లోపలి రేణువుల అంచులకు చేరుతుంది. ఉప్పునీరు ఆ అంచుల వెంట కొరుక్కుంటూ పోతుంది. ఇదంతా పరీక్షకు బట్టీపట్టి, మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ పుస్తకాలేవీ తెరవని మనిషి తాడూ ఓపికా పెట్టుబడిగా దాన్ని కళ్ళకు కట్టించారు. ఆ క్షణాన ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

"ఇది సార్‌కి చూపించు అన్నా" అన్నాను.

విరిగిన ముక్కలు నా చేతిలో పెట్టి, "మీ దగ్గరే ఉండాయి గదమ్మా" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

యజమాని దగ్గరకు వెళ్ళి చెప్పాను. అతుకు మంచిదేననీ, రేకు ఎంచిందీ గొట్టం అక్కడ వేయించిందీ నేనేననీ, ఆయన వద్దన్నా వినలేదనీ. యజమాని ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెద్దాయన్ని పిలిపించారు.

"ఇంత తెలిసినోడివి, పన్లోంచి పొమ్మన్నా నాతో ఎందుకు చెప్పలా?"

"ఆయమ్మ చెప్తాదని తెలుసు సార్" అన్నారాయన, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ.

నేను వెళ్ళి చెప్పేదాకా, చెప్తానని నాకే తెలియదు.